స్లాబింట్లో నల్లులు

చిట్కుల్‌లో మొట్టమొదటి స్లాబు ఇల్లు తనదేనని వెంకటేశం చెప్పుకునేవాడు. నిజానికి అంతకు ముందే ఊళ్ళో రెండో మూడో లేచాయి. కాకపోతే అవి కట్టుకున్నవాళ్ళు నోరు మూసుకుని కాపురం చేసుకున్నారు. వెంకటేశం మాత్రం ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ తాగడానికి ఆగిన లారీ డ్రైవర్లను కూడా వదలకుండా తన ఇంటి సంగతి చెప్పాడు. ఆ లెక్కన మొదటిది అతనిదే అనుకోవాలి.

తొంభైల మొదట్లో మాట ఇది. రోడ్డు పక్కన ఉన్న అతని చెలకను ఏదో ఫ్యాక్టరీ కొన్నది. ఆ డబ్బుతో పాత గూనపెంకుల ఇల్లు కూలగొట్టి, ఆ జాగాలోనే స్లాబు పోయించాడు. వెనకున్న పశువుల కొట్టాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఎడ్లను అమ్మేసి, మట్టి గోడల మధ్య ఒక అడ్డుగోడ పెట్టించి, రెండు గదులు చేసి కిరాయికిచ్చాడు. దానికెదురుగా సిమెంటు రేకుల రూములు ఒక వరస వేశాడు. అతను పుట్టుకతో పటేలు కాదు. కిరాయిదార్లు "పటేలా" అని పిలవడం మొదలుపెట్టారు, అతను వద్దనలేదు.

ఇల్లు కట్టింది దర్జా కోసమని ఊరంతా అనుకున్నది గానీ అసలు కారణం వేరే ఉంది. వెంకటేశానికి పురుగూ పుట్రా అంటే పగ. గూనపెంకుల ఇంట్లో పుట్టి పెరిగినవాడు. వాసాల మీద ఎలుకలు రాత్రంతా పరుగు పందేలు పెట్టుకునేవి. వానాకాలం పెంకుల సందుల్లోంచి తేళ్ళు రాలేవి. చిన్నప్పుడు ఒకటి తొడ మీద కుడితే తెల్లారేదాకా ఏడ్చాడు. పెళ్ళికి అత్తగారు పెట్టిన కొయ్యపెట్టెను చెదలు లోపలినుంచి తినేసి, పై రంగును మాత్రం మర్యాదగా వదిలిపెట్టాయి. ఒకరోజు పట్టుచీర తీద్దామని అతని భార్య దేవమ్మ మూత ఎత్తితే మూత ఒక్కటే చేతికొచ్చింది. ఆ చీర సంగతి ఆమె మరచిపోలేదు, అతన్నీ మరచిపోనివ్వలేదు.

అందుకే కొత్త ఇంట్లో చీమ దూరే సందు కూడా ఉండకూడదని మేస్త్రీ ప్రాణం తీశాడు. కిటికీలకు జాలీలు పెట్టించాడు. తలుపుల కింద రబ్బరు పట్టీలు కొట్టించాడు. మోరీ మూతికి ఇనుప జల్లెడ బిగించాడు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళకు అన్నం కంటే ముందు ఉపన్యాసం వడ్డించాడు.

"ఇల్లును బట్టి పురుగు వస్తది," అన్నాడు. "మట్టి గోడకు చెదలు. గూనకు ఎలుకలు, తేళ్ళు. రేకుల రూముకు బొద్దింకలు, బల్లులు. స్లాబుకు ఏమొస్తది? ఏం రాదు. వచ్చినా కూసుంటందుకు దానికి జాగ లేదు."

"మరి నల్లులో?" అని వెనక బంతిలోంచి ఎవరో అడిగారు.

"నల్లులు ఇల్లును సూసి రావు, లేకితనాన్ని సూసి వస్తయి," అన్నాడు వెంకటేశం. ఈ ముక్క అతనికే బాగా నచ్చి, తర్వాత చాలాచోట్ల వాడుకున్నాడు.

ఒక్క సంగతి మాత్రం మేస్త్రీ చెప్పలేదు, ఇతను అడగలేదు. హోళీ దాటిందంటే స్లాబు కాగుతుంది. ఉగాదికి పెనమవుతుంది. కరెంటు ముందు ఫ్యాక్టరీలకు, మిగిలితే ఊళ్ళకు, కాబట్టి మధ్యాహ్నాలు ఫ్యాను సాధారణంగా నిద్రపోతుండేది. తిరిగినప్పుడు పైనున్న వేడినంతా కిందికి దింపేది. జాలీలు గాలిని రానిచ్చేవి కావు, రబ్బరు పట్టీలు ఉన్న ఉక్కను పోనిచ్చేవి కావు. వెంకటేశం బనీను పిండుకుంటూ కూర్చునేవాడు. గుమ్మంలో ఎవరిదైనా అలికిడి వినిపిస్తే మాత్రం చొక్కా తొడుక్కుని, "లోపల ఏసీ లెక్క ఉంటది, రాన్రి" అని పిలిచేవాడు.

దేవమ్మ కూడా పుట్టింటివాళ్ళతో ఆ మాటే అన్నది. అని, రోజూ అన్నం తినగానే అప్పడాలు ఒత్తే పని ఉందంటూ పక్కింటి సుమిత్ర పెంకుటింటి అరుగు మీదికి పోయేది. ఎండాకాలమంతా సుమిత్ర ఇంట్లో అన్నేసి అప్పడాలు ఎవరు తింటున్నారని వెంకటేశం ఎన్నడూ అడగలేదు. ఆమె అటు పోతేనే గదా ఇతను ఇటు పోవడానికి వీలు.

ఇతను పోయేది కొట్టంలోకి. మూరెడుకు పైగా మందమున్న మట్టి గోడలు, పైన గూనపెంకులు, వాటి మీద వేపచెట్టు నీడ. మేలో కూడా లోపల అడుగు పెడితే ఒళ్ళు చల్లబడేది. అందులో ఒక గదిలో లింగం, సంగయ్య అని ఇద్దరు ఉండేవాళ్ళు. జోగిపేట దిక్కునుంచి వచ్చి ఒకే ఫ్యాక్టరీలో చేరినవాళ్ళు. ఇద్దరికీ కలిపి ఒకటే నులక మంచం. లింగం రాత్రి డ్యూటీకి పోతే సంగయ్య పడుకునేవాడు. సంగయ్య పొద్దున డ్యూటీకి పోతే లింగం వచ్చి పడుకునేవాడు. ఒకరి ఒంటి వేడి ఆరకముందే ఇంకొకరు ఒరిగేవాళ్ళు. పటాన్‌చెరు చుట్టూ ఏ ఊరికి పోయినా అప్పట్లో అట్లాంటి మంచాలే. వాటికి ఎండ చూపించడానికి ఎవరికీ తీరదు. లింగం లేచి సైకిల్ దుకాణంలో చిల్లర పనికి పోయాక, సంగయ్య డ్యూటీ దిగి వచ్చేలోపు, ఆ మంచం కాసేపు ఖాళీగా ఉండాలి. ఆ కాసేపు కూడా వెంకటేశం దాన్ని ఖాళీగా ఉంచలేదు.

రూములన్నిటికీ రెండో తాళంచెవి యజమాని దగ్గర ఉండడం అక్కడి రివాజు. నిప్పో నీళ్ళో అవసరం పడితే తీయడానికని. వెంకటేశానికి నిద్ర అవసరం పడింది. నీళ్ళ ట్యాంకు చూసొస్తున్నట్టు వెనక్కి నడిచి, తాళం తీసి, చెప్పులు లోపల పెట్టుకుని గడియ వేసుకునేవాడు. భుజం మీది తువ్వాలను మడిచి తల కింద పెట్టుకుంటే క్షణంలో నిద్ర పట్టేది. దొంగతనమే, కాదనలేం. కానీ ఏ వస్తువూ పోలేదు గనక కిరాయిదార్లకు తెలియలేదు. దేవమ్మ అప్పడాలు ముగించుకుని వచ్చేసరికి ఇతను మొహం కడుక్కుని, స్లాబు కింద సోఫాలో కాలు మీద కాలేసుకుని ఉండేవాడు.

కొట్టానికి ఎదురుగా రేకుల రూములో తాజ్ మొహమ్మద్, గౌసియా బేగం కాపురముండేవాళ్ళు. తాజ్ మొహమ్మద్ ఇనుప ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద పనిచేసేవాడు, కొన్ని నెలలు పని ఉండేది, కొన్ని నెలలు ఉండేది కాదు. ఇల్లు నడిచింది గౌసియా సూది మీద. ఆమె బొంతలు కుట్టేది. పాత చీరలు, ధోవతులు పొరలు పొరలుగా పరిచి, అంచు నుంచి నడిమి దాకా సన్నటి కుట్లు వేసుకుంటూ పోయేది. చిట్కుల్‌లో బాలింతలందరి కిందా ఆమె బొంతే ఉండేది. మధ్యాహ్నం రేకుల కింద కూర్చోవడం ఎవరి తరమూ కాదు గనక, వేపచెట్టు నీడలో చాప వేసుకుని అక్కడే సాయంత్రం దాకా కుట్టేది. వెంకటేశం ఆమెను లెక్కలోకి తీసుకోలేదు. తల వంచుకుని సూది చూసుకునే మనిషికి ఎదురుగా ఏ తలుపు తెరుచుకుంటున్నదో ఏం తెలుస్తుందని అతని ధైర్యం.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో దేవమ్మ కూడా ఒక బొంత కుట్టించుకున్నది. చనిపోయిన అత్తగారి చీరలు, వెంకటేశం పాత ధోవతులు కలిపి ఇచ్చింది. ఎర్ర అంచు పైకి వచ్చేట్టు కుట్టి, గౌసియా అందమైన బొంత తయారుచేసింది. దేవమ్మ దాన్ని పడకగదిలో డబుల్ కాటు మంచం మీద పరిచింది.

కొద్ది రోజులకు ఒక పొద్దున ఆమె అరచేయి చాపుకుని వెంకటేశం దగ్గరికి వచ్చింది.

"ఇది ఏందో సూడు."

వెంకటేశం చూశాడు. చూసి కూడా, "చింతగింజ పొట్టు," అన్నాడు.

"పొట్టుకు కాళ్ళుంటయా? నల్లి. దిండు మీద నెత్తురు మరకలు ఉన్నయి. స్లాబింట్ల నల్లులు పడ్డయి."

వెంకటేశానికి తేలు కుట్టినప్పటి కంటే ఎక్కువ నొప్పి పుట్టింది. గృహప్రవేశం నాడు తినిపోయిన వాళ్ళందరూ వరసగా కళ్ళ ముందు కనిపించారు. నల్లుల గురించి తను చెప్పిన ముక్క వాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది, తనే గదా అన్నిసార్లు చెప్పింది.

"స్లాబులకు నల్లులు రావు," అన్నాడు.

"వచ్చినయి గద."

"వాటంతటవి రావు. ఎవరో తెచ్చిన్రు."

దేవమ్మ ఆలోచించింది. ఆ ఇంట్లోకి కొత్తగా వచ్చిన వస్తువు ఒక్కటే. "బొంత," అన్నది. వెంకటేశం అప్పటికప్పుడు ఒప్పుకున్నాడు. ఇల్లు నిర్దోషి అని తేలితే చాలు, దోషి ఎవరైనా అతనికి పేచీ లేదు.

గౌసియాను పిలిపించారు. ఆమె మెట్ల కింద నిలబడింది. దేవమ్మ బొంతను చేత్తో ముట్టకుండా కట్టెకు తగిలించి తెచ్చి ఆమె కాళ్ళ ముందు పడేసింది. కట్టె కొనకు చిక్కి అంచు కాస్త చిరిగింది.

"గౌసియా, నీ బొంతల నల్లులు ఉన్నయి."

"నా బొంతల ఉండవమ్మా," అన్నది గౌసియా. "బట్టలు ఉడకబెట్టి, ఎండల ఆరేసి అటెన్క కుడ్త. మీ అత్తమ్మ చీరెలు మీ ముంగటనే ఉడకబెట్టిన గద."

"మరి యాడికెల్లి వచ్చినయి? మాది స్లాబు ఇల్లాయె."

"నల్లికి రెక్కలు ఉండవమ్మా, దూరం నడిసి రాలేదు. మనిషి ఎంబడి వస్తది, బట్టలల్ల ఎక్కి." అంటూ గౌసియా వెంకటేశం వైపు చూసింది. అతని మొహం కాదు, భుజం మీది తువ్వాలను చూసింది. వెంకటేశం దాన్ని సరిచేసుకున్నాడే తప్ప, ఎందుకు చూసిందో ఆలోచించలేదు.

"అంటె మేమే తెచ్చుకున్నమంటవా?" అన్నది దేవమ్మ.

"ఎవరినీ అంటలేనమ్మా. గీడనే కూసొని కుట్లు ఇప్పుత. పొర పొర మీకు సూపిస్త. ఒక్క నల్లి కనవడినా మీరేమంటె అది."

అది న్యాయమైన మాట. దేవమ్మ కూడా మొగుడి వైపు చూసింది. వెంకటేశం మనసులో లెక్క వేసుకున్నాడు. విప్పి చూస్తే నల్లులు లేవనుకో, అప్పుడు నింద తిరిగి ఇంటి మీదికే వస్తుంది. విప్పకపోతే బొంత మీదే ఉండిపోతుంది.

"ఇప్పుడు గవన్నెందుకు," అన్నాడు. "నెలాఖరుకు రూము ఖాళీ చెయ్యున్రి."

గౌసియా వంగి బొంతను ఎత్తి, దుమ్ము దులిపి చంకన పెట్టుకుంది.

"రూముదేమున్నది పటేల్ సాబ్, ఇంకో దిక్కు దొరుకుతది. నల్లుల బొంతలని పేరు పడితె మాత్రం ఈ ఊళ్ళె నాకు ఎవరు బట్టలిస్తరు? కొత్త లేఅవుట్లల్ల అందరు ఫోము పరుపులు కొంటున్నరు, ఆడ బొంత అడిగెటోళ్ళు లేరు. ఖాళీ చేస్తం. గా మాట ఒక్కటి తీసెయ్యున్రి."

"సూద్దాం తియ్యి," అన్నాడు వెంకటేశం.

చూసేదాకా మాట ఆగలేదు. దేవమ్మ ఆ మధ్యాహ్నం అప్పడాలతో పాటు ఆ సంగతి కూడా సుమిత్ర అరుగు మీద ఒత్తింది. సుమిత్ర తన కూతురి కాన్పు కోసం బొంత కుట్టమని గౌసియాకు మెత్తటి పాత చీరలు ఇచ్చి ఉన్నది. సాయంత్రం కాకముందే మనిషిని పంపి వాపసు తెప్పించుకున్నది.

బొంత పోయినా నల్లులు పోలేదు. గుడ్లు పెట్టి పోయాయన్నది దేవమ్మ. మందు చల్లించారు, కాటు పలకల సందుల్లో మరిగే నీళ్ళు పోశారు. రెండు పూటలు నెమ్మదిగా ఉండేది, మళ్ళీ ఎక్కడినుంచో వచ్చేవి. ఇంట్లో ఇన్ని కట్టుదిట్టాలు ఉండగా అవి ఏ దారిన వస్తున్నాయో వెంకటేశానికి అంతుపట్టలేదు. ఆ చింతలో రాత్రి నిద్ర కరువై, పగటి నిద్ర ఇంకాస్త అవసరమైంది.

ఒక మధ్యాహ్నం వెంకటేశం లింగం మంచం మీద నుంచి లేచి తువ్వాల దులిపాడు. మడతలోంచి నాలుగైదు నల్లులు నేల మీద పడి, తొందరేమీ లేనట్టు నులక వైపు నడిచిపోయాయి. వెంకటేశం వాటినే చూస్తూ నిలబడ్డాడు. ప్రతి సాయంత్రం ఇంటికి పోయి ఈ తువ్వాలను వేసేది ఎక్కడ? కాటు తలాపున. మనిషి ఎంబడి వస్తది, బట్టలల్ల ఎక్కి. గౌసియా తువ్వాలను ఎందుకు చూసిందో అప్పుడు అనుమానం తగిలింది గానీ, ఆ అనుమానాన్ని అతను ముందుకు పోనివ్వలేదు.

సిగ్గుపడ్డాడు. అందులో అబద్ధం లేదు, నిజంగానే సిగ్గుపడ్డాడు. ఒక పేదరాలి కూటి మీద మట్టి కొట్టానని అర్థమైంది. ఇంటికి పోగానే దేవమ్మకు చెప్పేయాలనుకున్నాడు. దారిలోనే మాటలు సర్దుకున్నాడు. నల్లులు బొంతలోవి కావు, నా తువ్వాలలోవి. తువ్వాలలకు ఎట్ల వచ్చినయి? కొట్టంలో పడుకుంటున్న. కొట్టంలో ఎందుకు? ఇక్కడికి వచ్చేసరికి ఆగిపోయాడు. రెండేళ్ళుగా ఏసీ ఏసీ అని చాటి, ఇప్పుడు పశువుల కొట్టంలో కిరాయిదారు మంచం మీద దొంగనిద్ర పోతున్నానని ఎట్లా చెప్పడం? ఇంతాచేసి ఇంటికి చేరి, "పోనీ, వాళ్ళను ఉండనిద్దాం, పాపం," అని మాత్రం అన్నాడు.

"ఖాళీ చెయ్యమన్నది నువ్వే గద?" అన్నది దేవమ్మ. ఆ మాట అక్కడితో ఆగింది.

పోనీ కొట్టానికి పోవడం మానేద్దామా అంటే, ఒక పూట ప్రయత్నించాడు, స్లాబు కింద ప్రాణం పోయినంత పనైంది. మర్నాడు తెలివిగా తువ్వాల ఇంట్లో వదిలి పోయాడు. నల్లులు ధోవతి ఎక్కి వచ్చాయి.

నెలాఖరు వచ్చింది. గౌసియా వాళ్ళు సాయంత్రం చల్లబడ్డాక సామాను ఎత్తుతారనీ, ఆ వేళకు తను పటాన్‌చెరులో ఏదో ఒక పని కల్పించుకోవచ్చుననీ వెంకటేశం అనుకున్నాడు. మధ్యాహ్నం ఎప్పటిలాగే లింగం గదిలో ఒరిగాడు. నిద్ర ఎప్పుడు పట్టిందో తెలియదు. ట్రాలీ ఆటో చప్పుడుకు మెలకువ వచ్చింది.

ఆటో సరిగ్గా తలుపు బయటే ఆగింది. తాజ్ మొహమ్మద్ ఇనుప పెట్టె ఎత్తుతూ మూలగడం వినిపించింది. గిన్నెల మూట, చాప, కుండ. తలుపు చెక్కల మధ్య సన్నటి సందు ఉన్నది, అందులోంచి ఎర్రటి ఎండ తప్ప ఇంకేమీ కనిపించలేదు. తర్వాత దేవమ్మ గొంతు, ఆ వెనక సుమిత్ర గొంతు వినిపించాయి. అరుగు మీదినుంచి ఇద్దరూ చూడ్డానికి వచ్చారు.

"అమ్మా," అన్నది గౌసియా. "పోయే ముంగట ఒక్కటే అడుగుత. నా బొంతల నల్లులు లేవని సుమిత్రమ్మ ముంగట ఒక్క మాట అనున్రి. గంతే."

"ఉన్నదాన్ని లేదని ఎట్లంట?"

"పటేలు యాడున్నడు?" అన్నది సుమిత్ర. "ఆయన వచ్చి ఇట్లని చెప్తె అయిపాయె గద."

"ఆయన ఇంట్ల పండుకున్నడు, సల్లగ," అన్నది దేవమ్మ. "ఇప్పుడు లేపితె కోపానికి వస్తడు."

వెంకటేశం మంచం పట్టె మీద కూర్చుని ఉన్నాడు. వీపు మీద నల్లి కుడుతున్నది. గోక్కుంటే మంచం కిర్రుమంటుందని గోక్కోలేదు. లేచి గడియ తీస్తే చాలు, నాలుగడుగుల్లో ఈ కథంతా ముగుస్తుంది. నోరు విప్పే పని కూడా లేదు, ఈ తలుపులోంచి బయటికి వస్తే అందరికీ అన్నీ అర్థమవుతాయి. అర్థమవుతాయనే అతని భయం. లేచాడు, చెయ్యి గడియ దాకా పోయింది, గడియ మీద ఆగింది.

బయట ట్రాలీలో ఏదో మూట విప్పిన చప్పుడైంది.

"అవునమ్మా, లేపకున్రి," అన్నది గౌసియా. "పండుకున్న మనిషిని ఎందుకు లేపాలె. లింగందో బొంత ఉన్నది నా దగ్గర, గీ కడప మీద పెట్టి పోత."

అడుగులు తలుపు దాకా వచ్చాయి. మధ్యలో పలచటి చెక్క ఒక్కటే అడ్డం. ఆమె శ్వాస వినిపించేంత దగ్గర. కిందికి వంగిన చప్పుడు, మెత్తగా ఏదో పెట్టిన చప్పుడు వినిపించింది. అడుగులు వెనక్కి పోయాయి. ఆటో కదిలింది. సుమిత్ర, దేవమ్మ మాట్లాడుకుంటూ మళ్ళీ అరుగు వైపు వెళ్ళిపోయారు.

వెంకటేశం గడియ తీశాడు. గడప మీద నాలుగు మడతలు వేసిన బొంత ఉన్నది. లింగంది కాదు. పైన ఎర్ర అంచు, వెంకటేశం తల్లి చీరది. ఉతికి ఆరేసింది కాబోలు, ఎండ వాసన, కుంకుడురసం వాసన వేస్తున్నది. కట్టె కొనకు చిరిగిన చోట కొత్త దారంతో మళ్ళీ కుట్టి ఉన్నది. దాన్ని పట్టుకుని నిలబడితే, ఆ చెట్టు కింద చాప వేసిన చోటు సరిగ్గా ఎదురుగా కనిపించింది. అక్కడ కూర్చున్న మనిషికి ఈ తలుపు తప్ప ఇంకేమీ కనిపించదు. మొదటి రోజునుంచీ ఆమె చూస్తూనే ఉన్నది. వేలెత్తి ఈ తలుపును చూపిస్తే ఆమె పేరు నిలబడేది. చూపించలేదు. ఎందుకు చూపించలేదని ఆలోచించే ధైర్యం వెంకటేశానికి లేకపోయింది.

ఆటో ఇంకా గల్లీ మలుపులోనే ఉన్నది, గతుకుల్లో మెల్లగా పోతున్నది. పరుగెత్తితే అందుతుంది. రెండడుగులు వేసి ఆగాడు, కాళ్ళకు చెప్పులు లేవు. పటేలు ఉత్తి కాళ్ళతో ఆటో వెంట పరుగెత్తితే నలుగురూ ఏమనుకుంటారు? లోపలికి పోయి చెప్పులు వేసుకున్నాడు. అలవాటు కొద్దీ తాళం కూడా వేశాడు. అంతలో ఆటో రోడ్డెక్కింది.

సాయంత్రం దేవమ్మ ఆ బొంతను సోఫా మీద చూసి అదిరిపడ్డది.

"దీన్ని మళ్ళ ఇంట్లకెందుకు తెచ్చినవు?"

"ఇందుల నల్లులు లేవు."

"నీకెట్ల తెలుసు?"

"తెలుసు," అన్నాడు వెంకటేశం.

ఆ తర్వాత అతను కొట్టంలోకి పోలేదు. ఎవరూ వద్దనలేదు, ఆ గడప దాటడానికి కాలు రాలేదంతే. మధ్యాహ్నాలు స్లాబు కింద, గచ్చు మీద ఆ బొంతే పరుచుకుని, చెమటలు కక్కుకుంటూ పడి ఉండేవాడు. తనకు తాను శిక్ష వేసుకున్నానని అనుకునేవాడు. ఆ శిక్షలో కొంచెం తృప్తి కూడా ఉండేది.

దాని ఫలితం వెంటనే కనిపించింది. తువ్వాల కొట్టానికి పోవడం మానేసింది గనక నల్లులు ఇంటికి రావడం మానేశాయి. దేవమ్మ ఒకరోజు దిండ్లన్నీ తిప్పి చూసింది, పలకల సందులు చూసింది, ఎక్కడా ఒక్కటి లేదు. ఆమె మొహం వెలిగిపోయింది.

"సూసినవా?" అన్నది. "వాళ్ళు పోంగనే నల్లులు కూడ పోయినయి. నేను ఏమంటి?"

అంతవరకూ అది అనుమానం. ఇప్పుడు రుజువైంది. సుమిత్ర అరుగు మీదినుంచి బావి దాకా, బావి దగ్గరినుంచి ఊరంతా పోయింది. ఏదో సరిపడక అన్న మాట కాదు, కళ్ళారా చూసిన సాక్ష్యం. వెంకటేశం వేసుకున్న శిక్ష గౌసియాకు పడింది.

వానలు మొదలయ్యే ముందు ఆమె ఒకసారి, ఇప్పుడు కాపురముంటున్న ఇంద్రేశం ఊరినుంచి వచ్చింది. చేతిలో ఖాళీ మూటగుడ్డ పట్టుకుని, బొంతలకు పాత బట్టలు ఏమన్నా ఉన్నాయా అని చిట్కుల్‌లో ఇల్లిల్లూ తిరిగింది. ఎవరూ తిట్టలేదు. కూర్చోమన్నారు, మంచినీళ్ళిచ్చారు, బట్టలు లేవన్నారు. వెంకటేశం రోడ్డు మీద ఆమెను ఎదురుగా చూశాడు. మూటగుడ్డ మడిచి చంకలో పెట్టుకుని బస్సు కోసం నిలబడి ఉన్నది. "బాగున్నరా పటేల్ సాబ్," అన్నది. మాటలో ఎత్తిపొడుపు లేదు. ఎత్తిపొడిచి ఉంటే అతనికి కాస్త సులువుగా ఉండేది.

ఆ మధ్యాహ్నమే నేరుగా సుమిత్ర అరుగు దగ్గరికి పోయాడు. ఇద్దరాడవాళ్ళు పీటలు ముందేసుకుని అప్పడాలు ఒత్తుతున్నారు.

"ఆ నల్లులు గౌసియావి కావు," అన్నాడు నిలబడే. "నేను తెచ్చిన. రోజు పగటిపూట కొట్టంల లింగం మంచం మీద పండుకున్న. ఆడికెల్లి నా తువ్వాల పట్టుకొని వచ్చినయి. ఆ పిల్ల తప్పు ఏం లేదు."

ఇద్దరూ అతని మొహం చూశారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుమిత్ర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"కొట్టంల పండుకున్నవా?" అన్నది దేవమ్మ. "ఇంట్ల ఏసీ లెక్క ఉంటదని రెండేండ్ల సంది నువ్వే అందరికి చెప్పవడ్తివి. గంత సల్లటి ఇల్లిడిసిపెట్టి పసుల కొట్టంల పండుకుంటవా? ఎవరు నమ్ముతరు?"

"సల్లగ లేదు. ఉడుకుతది. నీకు తెల్వదా?"

అప్పడాల కర్ర ఆగింది. దేవమ్మ పైన పెంకుల వైపు చూసింది, అరుగు మీద పడుతున్న నీడను చూసింది, ఒళ్ళో ఉన్న పిండి ముద్దను చూసింది. ఎండాకాలమంతా ఒత్తిన అప్పడాలు అరుగు చివర రెండు డబ్బాల నిండా ఉన్నాయి. ఇప్పుడు అవునంటే ఆ అప్పడాలన్నిటికీ జవాబు చెప్పాలి.

"ఉడకదు," అన్నది, కర్ర మళ్ళీ తిప్పుతూ.

"ఎంత పాయిరం పటేలా మీకు గరీబోళ్ళ మీద," అన్నది సుమిత్ర కళ్ళొత్తుకుని. "ఆమె బస్సు కోసం నిలవడ్డది సూసి మనసు నొచ్చింది గద. అందుకే నింద మీరేసుకుంటున్నరు."

"నింద కాదమ్మా, నిజం."

"మీరు గట్లనే అంటరు," అన్నది సుమిత్ర.

వారం తిరగకముందే ఆ మాట ఊరంతా తెలిసింది. వెంకటేశం పటేలు కిరాయిదారు తప్పును తన నెత్తిన వేసుకున్నాడట, అట్లాంటి మనిషి ఈ రోజుల్లో ఉంటాడా అన్నారు. ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ హోటలువాడు లేచి కుర్చీ వేశాడు. లింగమైతే, "నా మంచం పేరు చెప్పి ఆమెను కాపాడ చూసిన్రు, మీ మనసు పెద్దది పటేలా," అని చేతులు జోడించాడు. ఎన్నేళ్ళు ప్రయత్నించినా స్లాబు తెచ్చిపెట్టలేని పేరు ఈ నిజం తెచ్చిపెట్టింది. గౌసియాకు మాత్రం చిట్కుల్‌లో ఎవరూ ఒక్క పాత చీర ఇవ్వలేదు.

ఒక మధ్యాహ్నం భోజనం కాగానే దేవమ్మ అప్పడాల పీట తీసుకుని పక్కింటికి పోయింది. వెంకటేశం గచ్చు మీద బొంత పరుచుకున్నాడు. కరెంటు పోయింది. ఉక్కలో అటు దొర్లాడు, ఇటు దొర్లాడు, చెవి కింద ఎర్ర అంచు తడిసిపోయింది. ఎంతసేపు ఎదురుచూసినా ఒక్క నల్లి కూడా కుట్టలేదు.